బదనికయా, ఆర్కిడ్ మొక్కయా?

తొలకరికి ముందు గ్రామములలో తోటలను బాగుచేయు పని సాగుచుండును. మామిడి, పనస, చింత, ఇప్ప మొదలగు పెద్ద చెట్లమీద పెరిగిన పరాయి మొక్కలను కత్తితో కొట్టి క్రింద పడవేయుట ఆ పనిలో ఒక భాగము. చెట్టుపై మొలచినదెల్లను చెట్టు రసమును త్రాగి దానిని చంపునదే యను నమ్మకము మన పల్లెలలో బలముగా ఉన్నది. ఈ నమ్మకములో సగము నిజము, సగము పొరపాటు. ఆ పొరపాటు వలన ఏ చెట్టుకును కీడు చేయని మొక్కలు, పెరుగుటకు అనేక సంవత్సరములు పట్టినవి, ఒక్క పూటలో నశించుచున్నవి. గ్రామ తోటలు, దారి ప్రక్కల చెట్లు, చెరువు గట్లమీది చెట్లు అనేక చోట్ల పంచాయతీ సంరక్షణలో ఉన్నవి. కనుక ఏ మొక్కను తీసివేయవలెను, దేనిని ఉంచవలెను అను నిర్ణయము పంచాయతీ సభ్యులు చేయవలసి వచ్చుచుండును. ఆ నిర్ణయమునకు కావలసిన విషయమును ఈ పాఠములో వివరింపనెంచితిమి.

చెట్టుపై పెరుగు మూడు విధముల మొక్కలు

చెట్లమీద మొలచు పెద్ద మొక్కలలో మూడు విధములను మనము ముఖ్యముగా గుర్తింపవలెను.

మొదటిది నిజమైన బదనిక. దీని పండ్లను చిన్న పిట్టలు తినును. పండులోని గింజ చుట్టును జిగురు ఉండుటచే అది కొమ్మకు అంటుకొని అచ్చటనే మొలకెత్తును. మొలకనుండి పుట్టిన ప్రత్యేకమైన వేరు కొమ్మ బెరడును చీల్చుకొని కట్టెలోనికి చొచ్చుకొనిపోయి, చెట్టు నేలనుండి తెచ్చుకొనిన నీటిని, లవణములను పీల్చుకొనును. బదనికకు పచ్చని ఆకులున్నవి గనుక అది తన ఆహారములో కొంత తానే తయారుచేసికొనగలదు. అయినను నీటికి మాత్రము అది పూర్తిగా చెట్టుమీదనే ఆధారపడును. బదనిక విస్తరించిన మామిడి కొమ్మ క్రమముగా ఎండిపోవుట మన రైతులు ఎరిగినదే.

రెండవది రావి, మర్రి, జువ్వి మొదలగు చెట్ల మొలక. పక్షులు వేసిన గింజ కొమ్మల పంగలో పేరుకొనిన చెత్తలో మొలకెత్తును. మొదట అది చెట్టునుండి ఏమియు తీసికొనదు. కాని కాలక్రమమున దాని వేళ్లు నేలకు దిగి, బలిసి, ఒకదానితో నొకటి కలిసికొని, ఆశ్రయమిచ్చిన చెట్టును బిగించివేయును. గుడి గోపురములపై, పాఠశాల గోడలపై మొలచి వానిని చీల్చునదియు ఇదే.

మూడవది ఆర్కిడ్. ఇది చెట్టుపై నివసించును గాని చెట్టు రసమును త్రాగదు. చెట్టు దీనికి నిలుచుటకు చోటు మాత్రమే. ఆ చోటు దొరకినచో బండరాతిమీదనైనను ఇది అట్లే పెరుగును. రాతిలో రసము లేదు గదా! రాతిమీద బ్రతుకగల మొక్క చెట్టు రసము త్రాగి బ్రతుకుచున్నదనుట సరికాదని ఈ ఒక్క విషయమే చాలును.

చిక్కేమనగా, మన ప్రాంతములలో పలుచోట్ల బదనిక యను పేరును ఈ రెండింటికిని వాడుచున్నారు. మామిడి చెట్లమీద పట్టీలవంటి మందమైన ఆకులతో, గళ్లుగళ్లుగా గీతలున్న పసుపు, గోధుమ వన్నెల రేకులతో సువాసన గల పూవులు పూయు వాండా అను ఆర్కిడ్‌ను కూడ బదనిక అనియే పిలుతురు. ఈ కలగలుపు మన భాషకే పరిమితము కాదు. సంస్కృతమున చెట్టుపై పెరుగు మొక్కలకు ‘వందా’ అని పేరు. ఆ మాటనుండియే వాండా అను శాస్త్రీయ నామము వచ్చినది. ఈ మొక్కను 1795లో శాస్త్రరీత్యా వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన వైద్యుడు. పేరు ఒక్కటియే యగుటచే శిక్షయు ఒక్కటియే యగుచున్నది. బదనికపై పడవలసిన కత్తి ఆర్కిడ్‌పై పడుచున్నది.

అలుగు పొలుసులవంటి పూలగుత్తి

ఆర్కిడ్ కుటుంబము చాల పెద్దది. ప్రపంచమున సుమారు 28,000 జాతులున్నవని శాస్త్రజ్ఞుల లెక్క. భారతదేశమున దాదాపు 1,250 రకములు గుర్తింపబడినవి. వానిలో సగమునకు మించినవి చెట్లమీదనో రాళ్లమీదనో పెరుగునవే. వానినుండి ఒక్క మొక్కను తీసికొని పరిశీలింతము.

వాన అడవులలో చెట్లమీదను, నాచు పట్టిన బండలమీదను పెరుగు ఫొలిడోటా ఇంబ్రికేటా అను చిన్న మొక్క కలదు. ఇటీవల శాస్త్రజ్ఞులు దీనిని సీలోజైని అను పెద్ద ప్రజాతిలో చేర్చియున్నారు. కాని పాత పేరే మనకు ఎక్కువ ఉపయోగకరము. గ్రీకు భాషలో ఆ పేరునకు పొలుసులు కలది యని అర్థము. మన అడవులలో తిరుగు అలుగు అను జంతువు చేరిన వర్గమునకు కూడ శాస్త్రజ్ఞులు ఇదే పేరు పెట్టిరి. అలుగు ఒంటిమీద పెంకులు ఒకదానిపై నొకటి ఎట్లు పేర్చబడి ఉండునో, ఈ మొక్క పూలగుత్తిలో పూవుల క్రింది చిన్న డొప్పలు అట్లే రెండు వరుసలుగా పేర్చబడి ఉండును. అమెరికా ఖండమునందలి గిలకపాము తోకవలె ఉన్నదని ఆంగ్లేయులు దీనికి ఆ పాము పేరు పెట్టిరి. అలుగు నెరిగిన మనవారు దీనిని అలుగుపూవు అని పిలుచుకొనినను తప్పులేదు.

ఈ మొక్కకు వేళ్లపై ఉబ్బిన దుంపలవంటి కాడలు గుంపుగా ఉండును. ఒక్కొక్క కాడ కొనకు ఒక్కటే ఆకు. లేత చిగురునుండి సన్నని తీగవంటి పూలకాడ బయలుదేరి, వంగి, క్రిందికి వ్రేలాడును. దానిపై తెల్లనివి, లేత గోధుమవన్నెవి యగు చిన్న పూవులు పదులకొలది పూయును. ఒక్కొక్క పూవు కందిగింజకంటె కొద్దిగా పెద్దది. దూరమునుండి చూచువారికి ఇది పూవని తోచదు. కనుకనే దీనిని నరికివేయువారికి తాము ఏమి నరికినదియు తెలియదు.

హిమాలయ పాదములు, దక్షిణ భారతము, సింహళము మొదలుకొని బర్మా, మలయా, న్యూగినీల మీదుగా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగము వరకు ఈ మొక్క వ్యాపించియున్నది. క్వీన్స్‌లాండ్ వాన అడవులు 1988లో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేర్చబడినవి. మన తూర్పు కనుమలలో నిజమైన వాన అడవులు లేకపోయినను, ఎక్కువ వర్షపాతము, పొగమంచు, నీడ గల లోయలు కొన్ని ఉన్నవి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరి, చింతపల్లి కొండలయందును, మారేడుమిల్లి అడవులయందును అనేక విధముల ఆర్కిడ్‌లు చెట్లమీద కనబడుచున్నవి. అలుగుపూవు జాతివారును అందున్నారు.

నేల లేకుండ బ్రతుకుట ఎట్లు?

నేలలో వేళ్లు లేని మొక్కకు నీరెట్లు దొరకును? ఆర్కిడ్ వేరును చేతిలోనికి తీసికొని చూచినచో సమాధానము దొరకును. ఎండలో ఆ వేరు తెల్లగా, కాగితమువలె పొడిగా ఉండును. దానిపై నీరు చిలికినచో చూచుచుండగనే ఆకుపచ్చగా మారును. వేరు చుట్టును చచ్చిన కణములతో కట్టబడిన మెత్తని పొర ఒకటి ఉన్నది. అది బట్టవలె వాననీటిని త్వరగా పీల్చి పట్టుకొనును. తడిసిన పొరగుండా లోపలి పచ్చదనము బయటకు కనబడును. పీల్చిన నీటిని మొక్క తన కాడల దుంపలలో నిలువజేసికొనును. వానలు లేని నెలలలో ఆ నిలువతోనే కాలము గడపును. చెరువులో నీరు నిలిపి వేసవికి దాచుకొను గ్రామమునకు ఈ ఏర్పాటు వింతగా తోచదు.

ఎరువు సంగతి ఏమన, వాననీటితో కొట్టుకొనివచ్చిన దుమ్ము, బెరడు పగుళ్లలో కుళ్లిన ఆకులు, పిట్టల రెట్ట, ఇవియే దాని ఎరువు. ఆహారమును ఇతర పచ్చని మొక్కలవలె ఎండ వెలుగుతో తన ఆకులలోనే తయారుచేసికొనును. మందమైన ఆకులు గల ఆర్కిడ్‌లలో పెక్కు పగటి ఎండలో తమ ఆకురంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనమున తెరచి గాలిని లోనికి తీసికొనును. దానివలన నీరు ఆవిరియై పోవుట తగ్గును.

వేరు బెరడుపై అంటుకొనును గాని బెరడు లోపలికి చొచ్చుకొనిపోదు. బదనికకును దీనికిని గల ముఖ్యమైన భేదము ఇదియే. అంటిన చోట కొమ్మ ఉబ్బి, ముడివేసినట్లుండి, మొక్కయు కొమ్మయు ఒకటే కట్టెవలె కలిసియున్నచో అది బదనిక. వేళ్లు తాళ్లవలె బెరడుపై ప్రాకి, మెల్లగా లేపినచో ఊడివచ్చునట్లున్నచో అది ఆర్కిడ్. ఈ పరీక్షకు చదువు అక్కరలేదు, నిచ్చెన చాలును.

ధూళివంటి గింజలు

ఆర్కిడ్ ఒకటి పోయిన మరియొకటి మొలచును గదా యని కొందరనవచ్చును. అంత సులభముగా మొలవదు. కారణమును కొంచెము వివరింతుము.

ఒక్క ఆర్కిడ్ కాయలో జాతినిబట్టి వేలనుండి లక్షల వరకు గింజలుండును. అవి ధూళివలె సన్ననివై గాలిలో ఎగిరిపోవును. వరిగింజలో మొలక పెరుగుటకు కావలసిన పిండిపదార్థము నిలువయుండును. ఆర్కిడ్ గింజలో అట్టి నిలువ లేదు. కనుక అది తగిన శిలీంధ్రము, అనగా కంటికి కనబడని బూజుపోగుల సహాయము దొరకినగాని మొలకెత్తలేదు. ఆ పోగులు గింజలో ప్రవేశించి దానికి ఆహారమందించును. ఈ రహస్యమును ఫ్రాన్స్ దేశీయుడగు నోయల్ బెర్నార్డ్ 1899లో కనుగొనెను. శిలీంధ్రమునకు బదులు చక్కెర కలిపిన ఆహారముపై గాజుపాత్రలో గింజలను మొలకెత్తించు పద్ధతిని అమెరికా దేశీయుడగు లూయీ నడ్‌సన్ 1922లో ప్రకటించెను. నేడు సంతలలో కనబడు తోట ఆర్కిడ్‌లు అధికముగా ప్రయోగశాలలలో పుట్టినవే.

అడవిలో మాత్రము లక్షల గింజలలో ఏ కొన్నియో తగిన బెరడు, తగిన తేమ, తగిన శిలీంధ్రము మూడును ఉన్న చోట పడును. అట్లు పడిన మొలక మొదటి పూవు పూయుటకు కొన్ని సంవత్సరములు పట్టును. పూసిన తరువాతనైనను దాని పుప్పొడి గాలికి ఎగురునది కాదు. అది ముద్దగా ఉండి, పురుగు ఒంటికి అంటుకొని మరియొక పూవునకు చేరవలెను. ఆ పురుగు లేనిచో కాయ లేదు. చెట్టు, తేమ, శిలీంధ్రము, పురుగు ఈ నాలుగింటిలో ఏది తప్పినను ఆర్కిడ్ వంశము ఆగిపోవును. అందువలన చిన్న ఆర్కిడ్‌లు పుష్కలముగా ఉన్న కొండవాగు దరి అడవి ఇంకను తన నీడను, తేమను పోగొట్టుకొనలేదని మనము గ్రహింపవచ్చును.

ఆర్కిడ్‌ల వలన మనుజులకు లాభము లేదనుటయు సరికాదు. మిఠాయిలకు, ఐస్‌క్రీమునకు పరిమళమిచ్చు వెనిల్లా ఒక ఆర్కిడ్ తీగ కాయయే. దాని పూవును చేతితో సంపర్కపరచు సులభోపాయమును 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అను 12 ఏండ్ల బానిస బాలుడు కనిపెట్టెను. వెనిల్లా వ్యవసాయమునకు నేటికిని ఆ ఉపాయమే ఆధారము. వాండా వేళ్లను తూర్పు భారతమున రాస్న యను పేరుతో వైద్యములో వాడుచున్నారు. ఆర్కిడ్ పరిశోధనకై కేంద్ర ప్రభుత్వము 1996లో సిక్కిములోని పాక్యాంగ్‌లో ఒక జాతీయ కేంద్రమును స్థాపించినది.

చట్టము పంచాయతీకి ఇచ్చిన బాధ్యత

ఇది అటవీశాఖవారి పని గదా, పంచాయతీకేమి సంబంధమను ప్రశ్న రావచ్చును. 2002లో పార్లమెంటు ఆమోదించిన జీవవైవిధ్య చట్టము ఈ సంబంధమును స్పష్టముగా నిర్ణయించినది. స్థానిక సంస్థ తన పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరుపవలెనని ఆ చట్టపు 41వ విభాగము విధించుచున్నది. మొక్కలను, జంతువులను, వాని నివాసములను కాపాడుట, వానినిగూర్చి ప్రజలకు గల జ్ఞానమును వ్రాసియుంచుట ఆ సంఘపు విధులు. గ్రామప్రజలతో సంప్రదించి తయారుచేయు ఆ వ్రాతకు ప్రజా జీవవైవిధ్య పట్టిక యని పేరు. విశేషమైన జీవసంపద గల స్థలమును స్థానిక సంస్థలతో సంప్రదించి జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించుటకు 37వ విభాగము రాష్ట్ర ప్రభుత్వమునకు అధికారమిచ్చినది.

షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీ ఫలసాయముపై హక్కులను 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టమును, 2006 నాటి అటవీ హక్కుల చట్టమును గుర్తించినవి. అడవిని, వన్యప్రాణులను, జీవవైవిధ్యమును కాపాడు అధికారము కూడ అటవీ హక్కులు గల చోట్ల గ్రామసభకు 2006 నాటి చట్టము ఇచ్చినది. హక్కుతోపాటు బాధ్యతయు వచ్చినదని దీని భావము. అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించు ఒడంబడికలో ఆర్కిడ్ కుటుంబమంతయు చేర్చబడియున్నది. భారతదేశము 1976లో ఆ ఒడంబడికలో చేరినది. కనుక అడవి ఆర్కిడ్‌లను బస్తాలకెత్తి కొనుటకు వచ్చు వ్యాపారిని అనుమతి పత్రములు అడుగుట సభ్యుల విధి. రిజర్వు అడవినుండి అనుమతి లేక మొక్కలను పెకలించుకొనిపోవుట నేరమని గ్రామస్థులకు తెలియజెప్పవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

మేము సూచించు పనులు ధనవ్యయము లేనివి. గ్రామపు శక్తితోనే సాధ్యమగునవి.

మొదటి పని గుర్తించుట. తోట శుభ్రపరచుటకు ముందు చెట్లెక్కు పనివారికి బదనికకును, ఆర్కిడ్‌కును గల భేదమును ఒక చెట్టుదగ్గర చూపవలెను. బదనికను పైపైన నరికిన లాభము లేదు. కట్టెలో మిగిలిన భాగమునుండి అది మరల చిగిర్చును. అంటిన చోటికి దిగువగా కొమ్మను కోయించవలెను. కాయలు పండకముందే ఈ పని చేసినచో పిట్టల ద్వారా వ్యాప్తి తగ్గును. రావి, మర్రి మొలకలను లేతగా ఉన్నప్పుడే వేళ్లతో తీయించవలెను. ఆర్కిడ్‌లను ముట్టరాదు.

రెండవ పని వ్రాసియుంచుట. ఆర్కిడ్ ఏ చెట్టుమీద ఉన్నది, ఎన్ని కుదుళ్లు ఉన్నవి, ఏ మాసమున పూయును, ఊరివారు ఏ పేరుతో పిలుతురు, దేనికి వాడుదురు అను విషయములను పట్టికలో చేర్చవలెను. పాఠశాల ఉపాధ్యాయులు, బాలబాలికలు, వృద్ధులు ఇందుకు తోడ్పడగలరు. అయితే అరుదైన మొక్క ఉన్న ఖచ్చితమైన చోటును అందరికి చాటరాదు. చాటినచో దొంగలకు దారి చూపినట్లగును.

మూడవ పని ముసలి చెట్లను నిలుపుట. నున్నని లేత బెరడుకంటె పగుళ్లు పడిన పాత బెరడుమీదనే ఆర్కిడ్‌లు బాగుగా నిలుచును. ఒక ముసలి చెట్టును కొట్టి, దానికి బదులు పది మొక్కలు నాటితిమని లెక్క వ్రాసినంత మాత్రమున ఆ చెట్టుపై నున్న కాపురములు తిరిగి రావు. వాగుల దరిని, గ్రామదేవతల వనములలో ఉన్న చెట్లకు ముఖ్యముగా రక్షణ కల్పింపవలెను. రాళ్ల గనికి అనుమతి విషయము చర్చకు వచ్చినప్పుడు ఆ బండలపై ఏమి పెరుగుచున్నవో ముందుగా చూచి రావలెను. వేసవిలో కొండకు నిప్పుపెట్టుటను వారింపవలెను. నిలువ నీటితో బ్రతుకు మొక్కకు వేసవి మంటను మించిన శత్రువు లేదు.

నాలుగవ పని ఆపదలో రక్షించుట. రోడ్డు వెడల్పు చేయుటకో, గాలివానకో చెట్టు పడిపోయినచో దానిపై ఆర్కిడ్‌లను వృథాగా పోనీయరాదు. వేళ్లు తెగకుండ బెరడు ముక్కతోసహా లేపి, దగ్గరనున్న అటువంటి చెట్టునకే, అంత నీడ గల ప్రక్కకే, కొబ్బరి పీచుతోనో నూలు తాడుతోనో కట్టవలెను. వానలు మొదలగు కాలము ఇందుకు అనువైనది. క్రొత్త వేళ్లు బెరడును పట్టుకొనిన తరువాత తాడు అక్కరలేదు. మంచి ఉద్దేశముతోనే కొందరు వీనిని కుండలో మట్టి నింపి నాటుదురు. గాలి తగులక వేళ్లు కుళ్లి మొక్క చచ్చును. చెట్టు రిజర్వు అడవికి చెందినదైనచో అటవీ అధికారుల అనుమతితోనే ఈ పని చేయవలెను.

అయిదవ పని జీవనోపాధిని ఆలోచించుట. యాత్రా స్థలములలో పూల మొక్కలను పెకలించి తెచ్చి అమ్ముకొను పేదలు ఉన్నారు. వారిని దండించినంత మాత్రమున సమస్య తీరదు. ప్రయోగశాలలలో పెంచిన ఆర్కిడ్ నారును తెచ్చి నీడపందిళ్లలో పెంచి అమ్ముటకు స్వయంసహాయక సంఘములు ఉద్యానశాఖవారి సలహా పొందవచ్చును. వచ్చిన యాత్రికులకు చెట్టుమీదనే పూవును చూపి, దారి చూపిన కూలి తీసికొనుట మరియొక మార్గము. పెకలించిన మొక్క ఒక్కసారి అమ్ముడుపోవును. చెట్టుపై నున్న మొక్కను ప్రతి సంవత్సరము చూపవచ్చును.

గ్రామసభలో చర్చకు కొన్ని ప్రశ్నలు

ఒకటి: మన గ్రామమున జీవవైవిధ్య యాజమాన్య సంఘము ఏర్పడినదా? ఏర్పడినచో కడపటి సమావేశము ఎప్పుడు జరిగినది?

రెండు: ప్రజా జీవవైవిధ్య పట్టికలో చెట్లపై పెరుగు మొక్కలకు చోటున్నదా? ఆ పట్టికను సభ్యులలో ఎందరు చూచిరి?

మూడు: మన ఊరిలో అందరికంటె ముసలి చెట్లు ఏవి? వానిపై ఏమి పెరుగుచున్నవి? వానిని కొట్టుటకు ఎవరి అనుమతి కావలెను?

నాలుగు: గడచిన వేసవిలో బదనిక యని నరికిన వానిలో నిజమైన బదనిక ఎంత?

ఈ ప్రశ్నలకు సమాధానములు పుస్తకములలో దొరకవు, చెట్లక్రింద నిలిచి తలయెత్తి చూచినచో దొరకును. తొలకరికి ముందే సభ్యులు ఒక ఉదయము ఆ పనికై కేటాయింతురని, నిర్ణయించిన తరువాతనే కత్తిని చెట్టెక్కనిత్తురని మేము కోరుచున్నాము.